పద్నాలుగో సవరణ

ఇరవై రెండు. మెట్రో రైల్లో పడిపోకుండా పిడులు పట్టుకున్న చేతులన్నీ లెక్కపెట్టడం అయ్యేసరికి సెంబవాంగ్‌లో ఎక్కిన సుధాకరరావు జురాంగ్ ఈస్ట్ చేరాడు. "దిగాలండీ" అంటూ భార్య శ్యామలాదేవి ఆయన మోచెయ్యి పట్టుకుంది.

ఏడాదిగా ఇదే వరస. ఎక్కడ చెయ్యి లేచినా ఆయన కళ్ళు అటే పోతాయి. తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్లో ఎవరో స్నేహితుణ్ణి పిలవడానికి చెయ్యెత్తితే ఈయన గ్లాసు వదిలేసి నిలబడిపోతాడు. కలల్లోకి కూడా చేతులే వస్తాయి, మొహాలు రావు.

నిరుటిదాకా ఆయన సాగర దేశాల పార్లమెంటుకు ఉపాధ్యక్షుడు. తొమ్మిది దేశాల సభ్యులు, నూటొక్క కుర్చీలు. అక్కడ ఓటింగు కూడా పెళ్ళి పంక్తిలో వడ్డనలాగే సాగుతుంది, ఎవరి విస్తట్లో ఏం పడిందో చూసుకునేలోపు గరిటె ముందుకు పోతుంది. ముందు సవరణలు ఒక్కొక్కటీ, చివర్లో తీర్మానం మొత్తం. గంటన్నరలో రెండు వందల సవరణలు తేల్చాలి. సభ నడిపేవాడు అనుకూలురను చేతులెత్తమంటాడు, తర్వాత వ్యతిరేకులను. ఒక్క చూపు చూసి నెగ్గిందనో వీగిపోయిందనో చెప్పేస్తాడు. అనుమానం ఉన్న సభ్యుడు "లెక్క" అని అరిస్తే మీటలు నొక్కించి యంత్రంతో లెక్క తీస్తారు. ఎవరూ అరవకపోతే ఆ చూపే తీర్పు. దాన్ని తర్వాత ఎవరూ మార్చలేరు.

ఆ రోజు తీర్మానం మునిగిపోయిన ఒక సరుకు ఓడ గురించి. పద్దెనిమిది మంది సిబ్బంది కోసం పదిహేను రోజులుగా వెతుకుతున్నారు. ఇంకో నెల వెతకాలన్నది పద్నాలుగో సవరణ. సభ నడుపుతున్న సుధాకరరావు హాలంతా ఓసారి కలయజూసి వీగిపోయిందన్నాడు. భోజనాల వేళ కావడంతో ఎవరూ లెక్క అడగలేదు. సాయంత్రానికి వెతుకులాట ఆపేశారు.

రెండు నెలల తర్వాత చేపల పడవ వాళ్ళకు ఆ ఓడ తాలూకు రక్షణ తెప్ప ఒకటి ఖాళీగా దొరికింది. లోపల మేకుతో రోజుకొకటి చొప్పున గీసిన ఇరవై ఆరు గీతలున్నాయి.

ఆ నెలలోనే కంటి డాక్టరు గ్లకోమా అని తేల్చాడు. ఎడమ పక్క చూపు పోయి చాలాకాలమైందనీ, అంచుల నుంచి పోతుంది కనుక మనిషికి తెలియదనీ చెప్పాడు. ఎడమ వరుసల్లో చేతులు లేస్తే తనకు కనబడేవా అని సుధాకరరావు అడిగితే డాక్టరుకు ప్రశ్నే అర్థం కాలేదు. ఆయన పదవి వదిలేశాడు. ఓడ సిబ్బంది పేర్ల జాబితా ఇంటికి వస్తే కవరు విప్పే ధైర్యం లేక బీరువాలో పడేశాడు.

ఇప్పుడాయనకు కావలసింది ఆ రోజు వీడియో. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభమని శ్యామలాదేవి పోరుతూనే ఉంది. ఆయన వినలేదు. తాను పద్దెనిమిది మందిని చంపాడో లేదో తెలియకుండా బతకడం ఆయన వల్ల కావడం లేదు.

జురాంగ్ ఈస్ట్‌లో పార్లమెంటు రికార్డుల విభాగం చూసే అన్వరి బేగం హైదరాబాదు మనిషి. ఆయన ఆరుసార్లు ఫోన్ చేస్తే ఆరుసార్లూ వచ్చే వారం చూద్దామంది. ఏడోసారి రమ్మంది. వాళ్ళు వెళ్ళేసరికి గదిలో ఆమెతోపాటు ఈ నెలలోనే చేరిన వర్షిత అనే అమ్మాయి ఉంది. అన్వరి బేగం ఇద్దరికీ కుర్చీలు వేసి టీ తెప్పించింది.

"తెర మీద చిన్నగా కనబడేవి నాకిప్పుడు మసకేనమ్మా. మీరే లెక్కపెట్టి చెప్పాలి. ఏదైనా సరే, దాచొద్దు" అన్నాడు సుధాకరరావు.

వీడియో మొదలైంది. చేతులెత్తమంటున్న తన గొంతు తనకే వినబడి ఆయన టీ కప్పు పక్కన పెట్టేశాడు. తెర మీద చేతులు లేచాయి, దిగాయి, మళ్ళీ లేచాయి. అన్వరి బేగం తెర వైపు చూడలేదు. మోకాళ్ళ మీదున్న ఆయన చేతులనే చూస్తూ కూర్చుంది.

"అనుకూలం నలభై ఆరు, వ్యతిరేకం యాభై మూడు. మీరు చెప్పిందే కరెక్టు సార్."

"ఎడమ వరుసలు చూశారా?"

"అవి గూడ లెక్కపెట్టిన."

"నా మీద జాలితో చెప్పడం లేదు కదా?"

ఆమె టీ కప్పు ఆయన వైపు జరిపింది. "నా కొడుకు మీద ఒట్టు సార్."

సుధాకరరావు రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చేశాడు. శ్యామలాదేవి ఆయన వీపు నిమురుతూ తనూ ఏడ్చింది. లేచాక ఆయన అన్వరి బేగానికి దణ్ణం పెట్టి, "మీ అబ్బాయి నూరేళ్ళు చల్లగా ఉండాలమ్మా" అన్నాడు. ఆమె తల వంచుకుంది. ఏడాది తర్వాత మొదటిసారి ఆయన భార్య చెయ్యి పట్టుకోకుండా గది దాటాడు.

తలుపు పడగానే వర్షిత కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"ఆంటీ, వెనక నేనూ కౌంట్ చేశాను. అనుకూలమే యాభై మూడు. ఎడమ పక్క వాళ్ళంతా చెయ్యెత్తారు. మీరు నంబర్లు తిప్పి చెప్పారు."

"అవును బేటా. ఆ లెక్క నాకెప్పుడో తెలుసు."

"పెద్దాయన కోసం అబద్ధం చెప్పారు, ఓకే. కానీ కొడుకు మీద ఒట్టు ఎందుకేశారు? తనకేమైనా అయితే?"

"ఏం గాదులే" అంటూ అన్వరి బేగం వీడియో ఆపేసింది.

ఆమె కొడుకు కామ్రాన్ ఆ ఓడలో మూడో ఇంజనీరు.