మాధవి గొంతున్న టేపు

టేపు మళ్ళీ మధ్యలో ఆగిపోయింది.

వినోద్‌కుమార్ యంత్రం వంక కోపంగా చూశాడు. యంత్రం ఎర్రదీపం వెలిగించి ఊరుకుంది.

"ఎన్నోసారి?" వెనకనుంచి భానుప్రకాష్ అడిగాడు.

"లెక్కెట్టడం మానేసినాను సార్."

రకరకాల సంస్థల పాత సమాచారాన్ని టేపుల్లో భద్రపరిచే గిడ్డంగి అది. మలేసియాలోని బంటింగ్ ఊరి శివార్లలో ఉంది. భానుప్రకాష్ మేనేజరు, విజయవాడ నుంచి ఉద్యోగానికి వచ్చినవాడు. వినోద్ ఇక్కడే పుట్టి పెరిగాడు. తాతల కాలంలో రబ్బరు తోటలకు వచ్చిన తెలుగు కుటుంబం వాళ్ళది. మొరాయించిన టేపుల చేత నోరు విప్పించడంలో అతన్ని మించినవాడు ఆ గిడ్డంగిలో లేడు.

ఈ టేపు మాత్రం లొంగడం లేదు.

పాపం, దాని తప్పేమీ లేదు. అర అంగుళం వెడల్పున్న టేపు మీద కంటికి కనబడని గీతలు వేలకు వేలు ఇరుక్కుని ఉంటాయి. మధ్యలో ఒక్క ముక్కనూ మార్చడానికి వీలుండదు. ఓ దుమ్ము రేణువు పడితే చాలు, చదవడం ఆగిపోతుంది. అలాంటిది, ఆయుధపూజ నాడు స్టోరు చూసే మహేంద్రన్ యంత్రానికి విభూతి పూసి, గంధం బొట్టు పెట్టి, గది నిండా సాంబ్రాణి పొగ వేశాడు. అప్పుడు లోపలున్నది ఈ టేపే. యంత్రాల దగ్గర భక్తి కాస్త తగ్గించుకోవాలని ఆ రోజు ఎవరికీ తోచలేదు. వినోద్ కూడా పక్కనే నిలబడి దండం పెట్టుకున్నాడు.

ఆ టేపులో ఉన్నవి మాటలు. మనసు బాగాలేనివాళ్ళు ఫోన్ చేసి చెప్పుకున్న మాటల్ని ఓ సేవాసంస్థ రికార్డు చేసి దాచింది. వందలమంది గొంతులు. అందులో ఒకటి మాధవిది.

ఎప్పుడు ఫోన్ చేసిందో మాధవే అతనికి చెప్పింది. చెప్పేదాకా తన భార్య ముక్కూ మొహం తెలియని మనిషితో గోడు వెళ్ళబోసుకుందని వినోద్‌కు తెలియదు. ఆ సమయంలో అతను పక్క గదిలో టీవీ చూస్తూ కూర్చున్నాడు.

ఈ రకం టేపును చదవగల పాత యంత్రం ఇదొక్కటే మిగిలింది. శుక్రవారం దీన్ని కూడా పీకేసి తీసుకుపోతారు. ఆలోపే ఇందులోని మాటల్ని కొత్త టేపుకు ఎక్కించాలి.

"వినోద్ గారూ, మీ మంచికే చెబుతున్నాను," అన్నాడు భానుప్రకాష్. "చదవలేకపోయామని చెప్పేద్దాం. టేపును మళ్ళీ లోపల పెట్టేద్దాం. మిమ్మల్ని ఎవరూ తప్పుపట్టరు."

"అలగ సేయలేను సార్. అందులో మాధవి ఉన్నాది."

భానుప్రకాష్ తన గదికి వెళ్ళిపోయాడు.

సాయంత్రం వినోద్ మోటార్‌బైక్ మీద ఇంటికి వెళ్ళాడు. ఒక్కడికి సరిపడా అన్నం వండుకున్నాడు. పక్కింటివాళ్ళది తమిళం, ఎదురింటివాళ్ళది మలాయ్. ఆ ఇంట్లో తనతో తెలుగు మాట్లాడిన మనిషి మాధవి ఒక్కతే. ఇప్పుడు తెలుగు మాట్లాడాలంటే ఆఫీసుకు వెళ్ళాలి. ఆమె గొంతు వినాలనుకున్నా అతని దగ్గర ఎక్కడా లేదు. పాత ఫోను పాడైనప్పుడు ఉన్న నాలుగు మెసేజీలూ పోయాయి. అన్నం ముందు కూర్చుంటే ఏడుపు వచ్చింది. ఏడ్చాడు. ఎవరు చూడొచ్చారు గనక?

మర్నాడు పొద్దున్నే మళ్ళీ మొదలుపెట్టాడు. యంత్రంలో టేపును చదివే భాగాన్ని తుడిచాడు. టేపును ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఓసారి చుట్టించి, బిగువు సరిచేశాడు. అన్నిటికన్నా తక్కువ వేగంలో నడిపించాడు. ఒకసారి ఒకచోట తప్పింది. ఇంకోసారి ఇంకోచోట తప్పింది. అప్పుడు తట్టింది అతనికి. తప్పిన చోటుతో కుస్తీ పట్టడం మానేసి, ప్రతిసారీ బాగా వచ్చిన ముక్కలను పక్కన పెట్టుకుంటూ వచ్చాడు. చిరుగుల దుప్పటికి అతుకులేసినట్టు వాటిని కలిపాడు.

మధ్యాహ్నానికి మాధవి మాట్లాడిన చోటు అందింది. ఆమెదో కాదో చూసుకోవాలి గనక, కాస్త వినిపించాడు.

"అల్లో... నా పేరు మాధవి. బంటింగ్ నుంచి. తెలుగులో మాటాడొచ్చా?"

వినోద్ చప్పున ఆపేశాడు.

"ఇంకొంచెం వినండి," అన్నాడు భానుప్రకాష్ మెల్లగా.

"వొద్దు సార్. సాలు."

"ఇంకా ఖాళీలున్నాయి కదా? ఇక్కడితో ఆపేస్తే ఎవరికి నష్టం? ఆలోచించుకోండి."

"ఒక్క ముసిలోడి మాటలే తగ్గినాయి సార్. అందరివీ రావాల. ఒక్కటి తగ్గినా ఆ సంస్థోళ్ళు ఒప్పుకోరు."

ఎవరో ముసలాయన. ఆయన గోడు ఏమిటో వినోద్‌కు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. ఆయన కోసం ఆ టేపును మళ్ళీ మళ్ళీ తిప్పాడు. భోజనానికి లేవలేదు. మహేంద్రన్ టీ తెచ్చిపెడితే అది చల్లారిపోయింది. చివరికి యంత్రం మీద పచ్చదీపం వెలిగింది.

భానుప్రకాష్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. శభాష్ అనాలో, అయ్యో అనాలో అతనికి తెలియలేదు.

శుక్రవారం మధ్యాహ్నం, మిగిలిన పనంతా ముగించుకుని, వినోద్ గిడ్డంగి బయటకు వచ్చాడు. ఎండ మండిపోతోంది. గోడ నీడలో నిలబడి ఫోను తీశాడు. ఆ నంబరు అతనికి కంఠతా వచ్చు. నొక్కడానికే చాలాసేపు పట్టింది. అవతల ఫోను ఎత్తారు గానీ ఎవరూ మాట్లాడలేదు.

"మాధవీ, నువ్వడిగినట్టే నీ గొంతొక్కటి తప్ప అందరివీ కొత్త టేపుకెక్కించేసినాను, పాతదాన్ని ముక్కలు సేసేసినారు, నా కాడ కూడా ఏటీ ఉంచుకోలేదు."