ఖాళీలు కనపడాల

"అమ్మా, ఆ సంచి రోంత ఇస్తావా? కుర్చీ పల్లంగా ఉండాది, కింద వేసుకుంటా."

అడిగినామె పొట్టి మనిషి. నలభై దాటే ఉంటాయి.

"దాంట్లో నా సర్టిఫికెట్లు ఉండాయి. ఇయ్యలేను," అంది సంగీత, మొహం తిప్పకుండానే.

ఆమె ఏమీ అనుకోలేదు. తన శాలువానే మడతలు పెట్టి, దాని మీద కూర్చుంది.

మదనపల్లెలోని ఆ ఆఫీసులో ఉన్నది ఒక్కటే ఉద్యోగం. కంప్యూటర్ పని. కుప్పం నుంచి కూడా వచ్చారు పరీక్షకు. సోమలలో తొలి బస్సు ఎక్కుతూ సంగీత వాళ్లమ్మతో ఒకే మాట చెప్పింది.

"ఈ తూరి ఉద్యోగం లేకుండా ఇంటికి రానుమా."

పరీక్ష ఏమిటంటే, జనం కంప్యూటర్‌లోనే నింపే దరఖాస్తు ఒకటి తయారుచేయాలి.

సంగీత చకచకా చేసేసింది. కొత్త కాంట్రాక్టరు తరఫున వచ్చిన ఉదయ్ కిరణ్ తెరలోకి తొంగిచూశాడు.

"పేరు యాడ రాయాల? ఊరు యాడ రాయాల? అంతా సున్నం గోడ మాదిరి ఉండాదే! ఖాళీలు కనపడాల పాపా."

సంగీత కీబోర్డు దగ్గరికి లాక్కుంది. ఖాళీల్లో గీతలు గీసింది. పేరు కొట్టి చూస్తే గీతలు పక్కకు జరిగిపోయాయి. చెరిపి మళ్లీ గీసింది. మళ్లీ జరిగాయి. అయినా వదల్లేదు, పళ్లు బిగించి మళ్లీ మొదలుపెట్టింది.

"గీతలొద్దు," పక్కనుంచి పొట్టి ఆమె గుసగుస. "పైన షేడింగ్ బొమ్మ ఉండాది సూడు. అది నొక్కు."

నొక్కింది.

ఎండిన మడిలో టమోటా నారు కోసం నీళ్లు పోసిన గుంతల్లాగా, ఖాళీలన్నీ ఒక్కసారిగా నల్లబడి కనిపించాయి.

"ప్రింటు తీస్తే మచ్చలు పడవా అక్కా?"

"పడవు. తెర మీదనే."

"మరి నాకు యాల చెప్పినావు? నీకు ఉద్యోగం వద్దా?"

"యాల వద్దు? కావాల్నే. అయినా ఎవురు చేసినా, నింపేవాళ్లు తడుముకోగూడదు గదమ్మా."

సాయంత్రం సంగీత పేరే పిలిచారు. ఆ సంతోషంలో పక్కామె పేరైనా అడగాలని తోచలేదు.

సోమవారం పొద్దున అటెండరు పాపన్న సీటు చూపించాడు. కుర్చీ మీద పాత దిండు ఒకటి, నడుమ అణిగిపోయి ఉంది.

"ఇది ఎవురిదప్పా? తీసేయచ్చా?"

పాపన్న దిండు తీసి, దుమ్ము దులిపి, చంకలో పెట్టుకున్నాడు.

"రబియమ్మదమ్మా. పొట్టి మనిషి గదా, తెర అందదని వేసుకునేది. ఆఫీసు తెరిచినప్పటినుంచి ఈ కుర్చీ ఆమెదే; కాంట్రాక్టు మారిందని మొన్న ఆమెక్కూడా పరీక్ష పెట్టినారు, నీ పక్కనే కూర్చోనుండె."