మెత్తబడ్డ బ్రేకు

"తొక్కి పట్టవే అక్కా," అన్నాను, నాన్న పాత కారు కింద దూరి.

అక్క బ్రేకు తొక్కింది. చక్రం వెనక నట్టు వదులు చేశాను. బ్రేకు ఆయిలు బుడగలు బుడగలుగా సీసాలోకి దిగింది. మళ్లీ బిగించాను.

"ఇంకా దూది దిండు తొక్కినట్టే ఉందే."

"లోపల గాలి ఉన్నంతసేపూ అంతే. మళ్లీ తొక్కు."

నాలుగో చక్రం దగ్గర బుడగలు ఆగాయి. అక్క సంబరంగా కేకేసింది. "రాయిలా ఉందే. ఇక దిగనంటోంది."

అరవై దాటిన అక్కచెల్లెళ్లం నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాం.

"వీధి చివర గోడ ఉంది, గుర్తుందిగా?" అంది అక్క.

"అందుకేగా పొద్దున్నుంచీ ఈ తంటా."

గేటు బార్లా తీశాం. నేను స్టీరింగు పట్టుకున్నాను. అక్క వెనకనుంచి ఒక్క తోపు తోసి, పరుగెత్తుకొచ్చి పక్కన కూలబడింది.

ఇంజను నాన్న ఎప్పుడో అమ్మేశాడు. మా వీధి పల్లాన్ని మాత్రం అమ్మలేకపోయాడు.