పక్క తొట్టెకు తొంభై తొమ్మిది

తొట్టె మీది డబ్బా కీచుమని అరిచింది.

పసిబిడ్డల వార్డు అద్దానికి ముక్కు ఆనించి చూస్తున్న ఇస్త్రీ నాయనమ్మ ఉలిక్కిపడింది.

పాప ఒంట్లో గాలి ఎంతుందో చూపే ఆ డబ్బాలో అంకె తొంభై ఏడు. ఆమెకు అక్షరాలు రావు గానీ, జీవితమంతా చొక్కాలు లెక్కపెట్టిన మనిషి, అంకెలు బాగా వచ్చు.

'నూటికి తొంభై ఏడు! నా బంగారుతల్లే!' అని మురిసేలోపే నర్సు వచ్చేసింది. గోడకున్న ఆక్సిజన్ మర కొంచెం కిందికి తిప్పింది.

తొంభై ఏడు కాస్తా తొంభై రెండయి కూర్చుంది.

"చూశావా వదినా, మళ్ళీ తగ్గించింది పిసినారిది!"

వదిన అంటే సొంత వదిన కాదు. పక్క తొట్టె బాబుకి అమ్మమ్మ, బట్టలు కుట్టే మనిషి. పది రోజులుగా ఇద్దరికీ ఒకటే బెంచీ.

"మావాడికి తొంభై తొమ్మిది," అంది ఆమె సూదిలో దారం ఎక్కిస్తూ. "అడక్కుండానే వస్తోంది."

నాయనమ్మ కడుపులో బొగ్గులు రాజుకున్నాయి.

తన మనవరాలు ఏడో నెల పడగానే పుట్టింది. తొమ్మిది వందల గ్రాములు. నాలుగు చొక్కాల బరువు. కొడుక్కి పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి కలిగిన బిడ్డ, కోడలికి ఇక కాన్పు లేదని డాక్టర్లు చెప్పేశారు.

ఉన్న ఒక్కదానికీ గాలి దగ్గర కూడా పక్షపాతమా!

వీధి కుళాయి సంగతి తనకు తెలియంది కాదు. మనది బిగిస్తే పక్కింట్లో ధార పెరుగుతుంది. ఇక్కడ మాత్రం ఏం తేడా? రెండు తొట్లకూ గోడలోంచి వచ్చేది ఒకే గొట్టం.

నర్సు బయటికి రాగానే ఎదురెళ్ళింది.

"ఏమ్మా, గాలి నీ పుట్టింటి సొత్తా? మాది తగ్గించి వాళ్ళకు పంపిస్తున్నావ్?"

"లేదు పెద్దమ్మా. ఆ బాబు ఎనిమిది నెలలు దాటి పుట్టాడు, సొంతంగా పీలుస్తున్నాడు. వాడి గొట్టం మూసే ఉంది."

"మాది అంతకన్నా చిన్నది కదా! చిన్నదానికే ఎక్కువ పెట్టాలి."

"ఇంత చిన్నవాళ్ళకి ఎక్కువైనా ముప్పే పెద్దమ్మా. కళ్ళు పాడవుతాయి."

"గాలికి కళ్ళు పోతాయా! విన్నావా వదినా? చెప్పేవాళ్ళకి వినేవాళ్ళు లోకువ."

వదిన దారం కొరుకుతూ నవ్వింది. నర్సు మాటకన్నా ఆ నవ్వే ఎక్కువ మండించింది.

నర్సు ఏదో చెప్పబోయింది. నాయనమ్మ మొహంలోకి చూసి ఆగిపోయింది.

"రేపు నెమ్మదిగా చెప్తాను పెద్దమ్మా."

రేపటిదాకా ఎవరాగుతారు? నాయనమ్మ తిన్నగా హెడ్ సిస్టర్ గదికి వెళ్ళింది.

"ఆ మనిషి మా పిల్ల ఛాయలకి రావడానికి వీల్లేదు. వస్తే మీ వాకిట్లో కూర్చుని ఊరంతా వినేలా గోల పెడతా."

హెడ్ సిస్టర్ ఎంత చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

మర్నాటి నుంచి ఆ నర్సు కనిపించలేదు.

ఆమె చోట ఒక కుర్ర నర్సు వచ్చింది. ఎనిమిది తొట్లకూ ఒక్కతే. డబ్బా అరిస్తే ఎప్పటికో వచ్చేది. ఒక్కోసారి అరుపు ఆపేసి, మర తగ్గించడం మరిచిపోయి, ఏడ్చే బిడ్డ దగ్గరికి పరిగెత్తేది.

అంకె తొంభై ఎనిమిది. తొంభై తొమ్మిది. నూరు.

"ఇప్పుడు చెప్పు వదినా! ఎవరిది ఎక్కువ?"

"మీదే వదినా. మావాణ్ణి రేపు ఇంటికి తీసుకెళ్ళిపొమ్మన్నారు."

నాయనమ్మ అద్దం వైపు తిరిగిపోయింది.

నాలుగో వారం కంటి డాక్టరు వచ్చాడు. పాప కళ్ళలో చుక్కలు వేయించి, లైటు పట్టుకుని చాలాసేపు చూశాడు. ఫైలు తిరగేస్తూ బయటికి వచ్చాడు.

"పెద్దమ్మా, పాప కంటి వెనక రక్తనాళాలు దారి తప్పుతున్నాయి. రేపే లేజర్ చెయ్యాలి. చూపు దక్కుతుందనే అనుకుంటున్నా. మాటివ్వలేను."

"ఎందుకొచ్చింది బాబూ?"

"నెలలు నిండని పిల్లలకి వస్తుంది. ఆక్సిజన్ ఎక్కువైతే ఇంకా వస్తుంది." ఫైలు ఆమె వైపు తిప్పాడు. "మొదట్లో చూడండి, ఎవరో మర మీంచి చెయ్యి తియ్యకుండా కాపలా కాశారు. ఆవిడేరి?"

నాయనమ్మ అంకెలు చదివింది. తొంభై ఒకటి, తొంభై రెండు, తొంభై మూడు, తొంభై రెండు. తర్వాత పేజీ నిండా తొంభై ఎనిమిదీ ఆపైనే.

చెప్పులు కూడా వేసుకోకుండా హెడ్ సిస్టర్ గదికి పరిగెత్తింది.

"ఆ సిస్టరమ్మని మళ్ళీ మా పిల్ల దగ్గరికి పంపించు తల్లీ. నీ కాళ్ళు పట్టుకుంటా."

"ఇంకెక్కడి సిస్టర్ పెద్దమ్మా? నిన్నటితో ఆవిడ రిటైరయ్యారు. పొద్దున్నే సొంతూరు వెళ్ళిపోయారు."



"నన్ను... తిట్టుకుందా?"

హెడ్ సిస్టర్ తల అడ్డంగా ఊపింది.

"'ఆ పెద్దమ్మని ఏమీ అనకండి, ముప్పై ఏళ్ళ కింద నేనూ ఇలాగే పక్క తొట్టెని చూసి కుళ్ళుకుని, నా కొడుక్కి గాలి పెంచేదాకా పోట్లాడాను, వాడి కళ్ళు ఇంతవరకు నా మొహం చూడలేదు' అన్నారు."