రోజూ వచ్చే మనిషి

మొన్న ఇంటర్నెట్ కంపెనీ వాళ్లు కొత్త రూటర్ పెట్టి వెళ్లాక, దక్షిణ కొరియాలోని దేగు నగరంలో ఓ ఇంట్లో ఉన్న సర్వర్ బయటివాళ్లకి అందకుండా పోయింది. ఇరవై ఒక్కేళ్ల కిందట బజార్లో తప్పిపోయిన ఆ ఇంటివాళ్ల కూతురి ఫొటో, ఆనవాళ్లు ఉన్న వెబ్‌సైటు అందులోనే ఉంది.

దాన్ని నడిపే దూసిక్ నెల రోజులుగా ఆస్పత్రిలో ఉన్నాడు. ఆయన ఫోన్లో చెబుతుంటే, బయటివాళ్లకి మళ్లీ దారి తెరవడానికి భార్య ఓక్‌హీ రూటర్ సెట్టింగుల్లో ఒక్కో అంకే కొట్టింది.

"సర్వర్ నంబరేనా? నిన్న ప్రింటర్‌ది కొట్టావు."

"సర్వర్‌దేనండీ. మీరు సతాయించకపోతే ఎప్పుడో అయిపోయేది."

ఆమె చివరి బటన్ నొక్కింది. దూసిక్ మంచం మీద నుంచే సైటు తెరిచి చూశాడు.

"వచ్చింది. పాప కనిపిస్తోంది."

ఓక్‌హీకి ప్రాణం లేచొచ్చింది. "రోజూ ఎవరో ఒకరు వచ్చి చూస్తున్నారని చెప్పేవారుగా. అది మన పాపేనేమో. దారి మూసి ఉందని వెనక్కి వెళ్లిపోయిందేమోనని హడలిపోయాను."

చూసినవాళ్ల జాబితా కోసం ఆమే వెతికింది. ఆయన వద్దంటున్నా తెరిచింది.

ఇప్పుడు ఆయన చూసింది తప్ప, నెల రోజులుగా ఒక్కరూ రాలేదు. అంతకుముందు ఏళ్ల తరబడి, మధ్యాహ్నం పన్నెండున్నరకి, ఒకే కంప్యూటర్ నంబరు నుంచి ఎవరో వచ్చారు. శని, ఆదివారాలు మాత్రం ఎవరూ లేరు.

"ఏమండీ, మీ ఆఫీసులో భోజనాల వేళ ఇదే కదా?"



"ఎవరో వచ్చారని చెప్పిన రోజు నువ్వు కాస్త అన్నం తినేదానివి" అన్నాడు దూసిక్.