నవ్వు దగ్గర ఆగే బొమ్మ

“మళ్ళా ఆమెనే పెట్టుకున్యావా?”

వంటింటి గడపలో నిలబడి అడిగింది గౌతమి. దేవప్పకు వినపడలేదు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, కళ్ళు కంప్యూటర్ తెర మీద. ఒళ్ళో చిన్ను, రెండేళ్ళవాడు. వాడి కళ్ళూ అక్కడే.

తెర మీద ఆమె. పేరు పెట్టి అనదు గౌతమి. ఆమె, అంతే.

వంగపండు రంగు చీర. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, బొమ్మ తీయొద్దన్నట్టు తలూపుతుంది. తర్వాత కొంగు దించి నవ్వబోతుంది. సరిగ్గా అక్కడ బొమ్మ తడబడుతుంది. సగం నవ్వు, ఆగి, ఇంకాస్త నవ్వు. ఆపైన మిషనే బిగుసుకుపోతుంది. దేవప్ప ఆపి, మళ్ళీ మొదటినుంచి పెడతాడు.

అచ్చం ఆ చీరే ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉంది. అదీ దేవప్ప కొన్నదే. గౌతమి దాన్ని ఒక్క పండక్కీ కట్టలేదు.

దేవప్ప బండ్రి దగ్గర ఖనిజం లారీలు తూచే వేబ్రిడ్జిలో ఆపరేటరు. మైనింగ్ పుణ్యమా అని ఊళ్ళో వాళ్ళు టిప్పర్ల మీద టిప్పర్లు కొంటుంటే, ఇతను ఆఫీసువాళ్ళు పారేసిన కంప్యూటర్ తెచ్చుకున్నాడు. కౌల్ బజార్‌లో రిపేరు అంగడి పెట్టుకున్న జీవన్ అందులో లైనక్సు వేసిచ్చాడు. దుడ్డు కట్టే పనిలేని సిస్టమ్. కానీ తెర మీద ఏ కిటికీ తెరిచినా కుదుపులే, గుంతల దోవలో లారీ పోయినట్టు.

“లారీ బాగనే ఉండాది గౌతమీ, డ్రైవరే సరిగా లేడు,” అన్నాడు ఇయర్‌ఫోన్లు తీసి. “బొమ్మలు చూపించే కార్డును నడిపేదానికి ఒక సాఫ్ట్‌వేర్ ఉంటాది. దాన్నే డ్రైవర్ అంటారు. అది కుదిరితే నీళ్ళ మాదిరి పోతాది.”

“ఎవరు పోయేది నీళ్ళ మాదిరి? ఆమేనా?”

దేవప్ప ఇయర్‌ఫోన్లు మళ్ళీ చెవుల్లో పెట్టుకున్నాడు. ఆమె మాటెత్తితే ఎప్పుడూ అంతే.

చక్కెర అడగడానికొచ్చిన పక్కింటి రామక్క కూడా తెర ముందు నిలబడిపోయింది.

“ఏమన్నా అనుకో గౌతమీ, ఆమె నవ్వు ఆమెదే. నువ్వూ ఉండావు, ఎప్పుడు చూసినా మూతి ముడుచుకోని!”

లోపల పెనం మీద జొన్నరొట్టె మాడింది.

మొగుడి సంగతి ఎట్లయినా పోనీ. చిన్ను కూడానా? ఎర్రమట్టి చేతులతో తెర దగ్గరికి పోయి ఆమె చెంపలు తడుముతాడు. వాడు అటు పోగానే ఆ మరకలు కొంగుతో రుద్ది రుద్ది తుడుస్తుంది గౌతమి. రేపు వీడికి మాటలు బాగా వస్తాయి. ఆమె ఎవరని అడుగుతాడు. చెప్పినాక తన ఒళ్ళోకి వస్తాడా?

ఆదివారం మధ్యాహ్నం జీవన్ ఫోన్ చేశాడు. దేవప్ప స్పీకర్ పెట్టాడు.

“అంతా తుడిచేసి కొత్తగా వేసేస్తే సులువు కదన్నా?”

“తుడిచేయమను!” అంది గౌతమి వంటింట్లోంచే.

“వద్దు!” దేవప్ప అంత గట్టిగా అరవడం ఆ ఇంట్లో అదే మొదలు. “తీసిన ఫోను పోయె. ఆ క్లిప్పు ఇంకేడా లేదు. అదొక్కటీ పోతే నాకేం మిగల్దు.”

“నేనూ చిన్నూ మిగల్లేమా అప్పా?”

ఫోన్లో జీవన్ దగ్గాడు. “సరేలేన్నా. తెర మీద కిటికీలు ఊగే సోకులన్నీ ఆపు ముందు. ఉండే డ్రైవర్ తీసేసి, నేనిచ్చిన సీడీలోది ఎక్కించు. మిషన్ ఆపి మళ్ళా పెట్టు. సూస్తాం.”

దేవప్ప అన్నీ చేశాడు. మిషన్ ఆగి మళ్ళీ మొదలవుతుండగా వేబ్రిడ్జి నుంచి పిలుపు. తూకం ఆగిపోయిందట, లారీలు రోడ్డెక్కి నిలబడ్డాయట. చొక్కా తగిలించుకుని బండెక్కాడు.

ఇంట్లో గౌతమి, చిన్ను, ఆమె.

కాలేజీ సగంలో మాన్పించి పెళ్ళి చేశారు గానీ, మౌసు పట్టడం తెలియనిది కాదు గౌతమి. ఫోల్డర్ నొక్కింది. జారినట్టు తెరుచుకుంది. కుదుపు లేదు.

క్లిప్పు మీద బాణం పెట్టి డిలీట్ నొక్కింది. నిజంగానే తీసెయ్యాలా అని అడిగింది మిషన్.

వేలు ఆగింది. ఇన్నాళ్ళూ ఆమెను ఓరకంట చూడడమే గానీ నేరుగా చూసింది లేదు. ఒక్కసారి చూసి తీసేద్దాం. తనలో లేనిది ఆమెలో ఏముందో చూసి మరీ తీసేద్దాం.

వద్దని నొక్కి, ఇయర్‌ఫోన్ వైరు పీకేసి, క్లిప్పు పెట్టింది. చిన్ను పరుగున వచ్చి గౌతమి మోకాళ్ళు పట్టుకున్నాడు.

కొంగు. తలూపడం. నవ్వు.

ఆగలేదు. బొమ్మ నవ్వు దాటి ముందుకు పోయింది. కెమెరా మెల్లగా ఒళ్ళోకి దిగింది. ఒళ్ళో పసిబిడ్డ. బుగ్గన దిష్టిచుక్క. గుక్కపట్టి ఏడుస్తున్నాడు.

గౌతమి వేలు మళ్ళీ డిలీట్ మీదికి పోయింది.

అప్పుడే, చిన్నుకు పళ్ళు రాకముందే కన్నుమూసిన అక్క గొంతు ఎక్కడా తడబడకుండా పలికింది: “ఏమప్పా, ఆ ఫోన్ పక్కన పెట్టి, మా గౌతమి కాలేజీ నుంచి వచ్చిందేమో చూడు, నీ కొడుకు నా దగ్గర ఊరుకోడంటాడు, వాళ్ళ చిన్నమ్మ ఎత్తుకుంటేనే ఏడుపు ఆపేది.”