టేపాయన చెట్టు

ఆ రోజు పర్యావరణ కమిటీ తేల్చాల్సింది ఒక్క చెట్టు సంగతే. మురుగుకాలవ వెడల్పు చేయాలంటే దాన్ని కొట్టేయాలి. ఆ చెట్టున్నది టేపాయన ఇంటి ముందు.

ఆ మాట చదవగానే కమిటీ అధ్యక్షురాలికి నెత్తిన పాలు పోసినట్టయింది.

టేపాయనంటే కౌన్సిల్లో అక్రమ కట్టడాల ఇన్‌స్పెక్టరు. నడుముకి కొలత టేపు లేకుండా గుమ్మం దాటడు. అనుమతి లేకుండా లేచిన అంతస్తులు ఈ ఏడాది పదకొండు పగలగొట్టించాడు. గజం జరిగినా వదలడు, అంగుళం జరిగినా వదలడు. పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం.

అధ్యక్షురాలిది జిరాక్స్ షాపు. దాని మెట్లు ఎనిమిదంగుళాలు రోడ్డు మీదికొచ్చాయని పోయినేడు ఆయనే దగ్గరుండి కొట్టించాడు. "కమిటీ అధ్యక్షురాల్ని కదండీ" అని ఆవిడ గుర్తుచేస్తే, "మెట్లకి ఆ సంగతి తెలీదు కదమ్మా" అన్నాడు. అప్పట్నుంచి ఆ షాపులోకి గెంతి ఎక్కాల్సిందే. మోకాళ్ళ నొప్పులవాళ్ళంతా ఎదురు షాపుకి అలవాటుపడ్డారు. ఇన్నాళ్ళకి కాగల కార్యం గంధర్వులే తీర్చారు. ఆవిడ చేయాల్సిందల్లా చెయ్యెత్తడమే.

పిలవగానే టేపాయన లోపలికొచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రాత్రంతా నిద్రపోయినట్టు లేడు.

"వానొస్తే మా వీధిలో మోకాల్లోతు నీళ్ళండీ" అన్నాడు పాల డిపో నడిపే మెంబరు. "ఒక్క చెట్టు కోసం అంతమందిమీ మునగాలా?"

"అక్కర్లేదండీ. కాలవని చెట్టు పక్కనుంచి రెండడుగులు వంచితే చాలు. నీళ్ళ వాలు చెడదు. నేను కొలిచాను."

"వంచడానికి అక్కడ జాగా ఏదీ? మీ కాంపౌండు గోడుందిగా?"

"గోడ నేనే పడగొట్టుకుంటాను. జాగా రాసిస్తాను. పరిహారం కూడా వద్దు."

పదిమంది గోడలు పడగొట్టినవాడు తన గోడ తనే పడగొట్టుకుంటానంటున్నాడు. కార్యదర్శి రాసుకోవడం ఆపి తలెత్తి చూశాడు.

అధ్యక్షురాలు అంత తేలిగ్గా నమ్మే రకం కాదు. ఇరవై ఏళ్ళుగా ఊరందరి కాగితాలూ ఆవిడ చేతిమీదుగా పోతున్నాయి. ఏ కాగితమిచ్చినా తిప్పి వెనకేముందో చూడటం అలవాటైపోయింది.

"మీకు చెట్లంటే ఇంత ప్రేమ ఎప్పట్నుంచండీ?" అంది.

"రెండేళ్ళనుంచమ్మా. అబద్ధమెందుకు, అంతకుముందు నేనూ పట్టించుకోలేదు. ఇప్పుడు రోజుకి ఆరు బిందెల నీళ్ళు, నెలకో బస్తా ఎరువు. ఏ కాలంలోనూ ఆకు రాల్చదమ్మా అది. కరెంటువాళ్ళొచ్చి ఒక్క కొమ్మ కొడతామంటే గేటు దగ్గరే కాళ్ళు పట్టుకుని వెనక్కి పంపాను."

"ఫొటో తెచ్చారా?"

"దాని అందం ఫొటోలో పడదమ్మా."

పాల డిపో ఆయన నవ్వబోయి, టేపాయన ముఖం చూసి ఊరుకున్నాడు.

"ఆ చెట్టు లేకపోతే నేను లేనమ్మా" అన్నాడు టేపాయన.

మొత్తం ఆరుగురు మెంబర్లు. కొట్టేయాలని ముగ్గురు, ఉంచాలని ముగ్గురు చేతులెత్తారు. ఇక మిగిలింది అధ్యక్షురాలి చెయ్యి. ఆవిడకి తన మెట్లు గుర్తొచ్చాయి. ఎదురు షాపు ముందు నిలబడే జనం గుర్తొచ్చారు. బల్లకి అటువైపు, చేతులు జోడించి, బడిపిల్లాడిలా నిలబడ్డ మనిషిని చూసింది. తన మనసులో ఇన్నాళ్ళూ పెట్టుకున్న కసికి ఆవిడకే సిగ్గేసింది.

చెట్టు ఉండాలని చెయ్యెత్తింది.

టేపాయన వంగి వంగి దణ్ణాలు పెట్టుకుంటూ వెళ్ళిపోయాడు. తలుపుకి బదులు బీరువా తెరవబోతే కార్యదర్శి దారి చూపించాడు.

"రాయనుకున్నామండీ ఆ మనిషిని" అంది ఆవిడ, ముక్కు తుడుచుకుంటూ. "అంత చేసినాయనకి మనం కూడా ఏదో ఒకటి చేయాలి. ఈ నెల కౌన్సిల్ పత్రిక అట్ట మీద ఆ చెట్టే వేయిద్దాం."

"వేయొచ్చు మేడం. కాకపోతే ఆ చెట్టు పైన మరీ గుబురెక్కిపోయిందట" అన్నాడు కార్యదర్శి. "గాలివానొస్తే బరువుకి విరిగిపోతుందని తోటపనివాళ్ళ భయం. పైకొమ్మలు నాలుగు తీసి తేలిక చేస్తే ఇంకో వందేళ్ళు బతుకుతుందన్నారు."

"అయితే రేపే పంపండి. ఆయనకి మాత్రం చెప్పకండి. ప్రేమకొద్దీ అడ్డం పడతాడు. పనిలోకెళ్ళాక చేయిద్దాం."

మర్నాడు తొమ్మిదింటికి టేపాయన ఎవరి గోడో కొలవడానికి వెళ్ళాడని తెలుసుకుని, ఆవిడ కమిటీ మొత్తాన్నీ వెంటేసుకుని బయల్దేరింది. పత్రిక ఫొటోగ్రాఫరు ముందే వచ్చి నిలబడ్డాడు. ఇరుకు సందు. ఇంటి మొదటి రెండు అంతస్తులూ కనిపిస్తున్నాయి. ఆ పైన ఎటు చూసినా ఆకులే. అంత చక్కటి పచ్చదనాన్ని తన చేత్తో కాపాడానని ఆవిడకి గర్వంగా అనిపించింది. అందర్నీ చెట్టు కింద వరసగా నిలబెట్టి, పొట్టివాళ్ళని ముందుకు లాగింది. తోటపనివాడు నిచ్చెన వేసుకుని రంపంతో పైకెక్కాడు.

అన్నిటికంటే పెద్ద కొమ్మ కింద పడగానే, రెండంతస్తులకే అనుమతి ఉన్న ఆ ఇంటి మూడో అంతస్తు బాల్కనీలో టేపాయన భార్య బట్టలారేస్తూ కనిపించింది.